కూడలిలో కెమెరా, సూరత్‌లో నేతకారుడు

కేంద్రం చేపట్టిన స్మార్ట్ సిటీల మిషన్ గడువు 2025 మార్చి 31తో తీరిపోయింది. 2015 జూన్‌లో మొదలైన ఈ పథకంలోని నూరు నగరాల్లో విశాఖ, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ మనవి. అన్నిచోట్లా కెమెరాలతో నగరాన్ని కనిపెట్టే కమాండ్ కంట్రోల్ కేంద్రాలు వెలిశాయి. వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్ట ముస్తాబైంది. సాయంత్రం అక్కడ నడిచేవారికి అది మంచి పనే. అయితే ఆ ఊరి బతుకుతెరువు మాటేమిటి?

నగరం దేనితో ఎదుగుతుందన్న చర్చ కంప్యూటర్లకన్నా చాలా పాతది. ఒకే పని తెలిసినవారు ఒకచోట చేరితే పనితనం గాలిలా పాకుతుందని, ముడిసరుకూ పనిముట్లూ వెతుక్కుంటూ వస్తాయని బ్రిటిష్ ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే గుర్తించాడు. స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్దాల్ 1957లో దీని రెండో ముఖాన్ని చూపాడు. ఎదిగిన కేంద్రం చుట్టుపక్కలకు కొంత పంచుతుంది, కానీ పట్టించుకోకుండా వదిలేస్తే ఆ ప్రాంతాల పెట్టుబడినీ పనివారినీ తనవైపు లాగేసుకుంటుంది.

ఓరుగల్లుకు ఈ సంగతి అనుభవంలోనే తెలుసు. పత్తి పండే నేల, పక్కనే కాజీపేట జంక్షన్, తరాలుగా నేత తెలిసిన కుటుంబాలు, వాటికి తోడు 1934లో వచ్చిన ఆజంజాహి మిల్లు. మార్షల్ కోరినవన్నీ ఇక్కడే ఉండేవి. మిల్లు మూతపడింది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల పద్మశాలీలు సూరత్, భివండీ మరమగ్గాల దగ్గరకు వలసపోయారు. కొత్తవాడలో నేసే వరంగల్ దర్రీలకు (నూలు తివాచీలకు) 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ, గుర్తింపు పత్రం మగ్గానికి నూలు పోయదు కదా!

ఇంత చరిత్ర ఉన్న ఊరికి వచ్చిన పథకం చేసిందేమిటి? కేంద్రం నగరానికి సగటున 500 కోట్ల రూపాయలు, రాష్ట్రం, నగరపాలక సంస్థ కలిసి అంతే మొత్తం ఇచ్చేలా లెక్క వేసి, ఎంచుకున్న ప్రాంతంలో ఖర్చు పెట్టేందుకు విడిగా కంపెనీ పెట్టింది. కార్పొరేషన్‌కు అందులో వాటా ఉన్నా, వార్డు సభ్యుడి మాటకన్నా అధికారుల మాటే చెల్లుబాటైంది. చుట్టూ ఉన్న పల్లెలు లెక్కలోకే రాలేదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్ కాలనీలు నీట మునిగాయి. నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో కెమెరా చూపగలదు, నాలాను వెడల్పు చేయలేదు.

ఈ స్మార్ట్ సిటీ కంపెనీల ఆస్తులనూ సమాచారాన్నీ ఎన్నికైన నగరపాలక మండళ్లకు అప్పగించాలన్నది మా డిమాండ్. కమాండ్ కేంద్రాల కరెంటు బిల్లులు, మరమ్మతులు ఎవరు భరిస్తారో కూడా ఇప్పుడే తేల్చాలి. గీసుగొండ, సంగెం మండలాల సరిహద్దులో 2017లో శంకుస్థాపన జరిగిన జౌళి పార్కు 2023లో, భారీ జౌళి పార్కుల కోసం కేంద్రం తెచ్చిన పీఎం మిత్ర పథకంలోకి చేరింది. నగర ప్రణాళిక, జౌళి పార్కు ప్రణాళిక ఇకనైనా ఒకే బల్ల మీదికి రావాలి. ఉదయం షిఫ్టుకు అందే బస్సులెన్ని, సూరత్ నుంచి తిరిగి రావాలనుకునే కుటుంబానికి అద్దె ఇల్లు ఎక్కడ, పిల్లలకు బడి ఎక్కడ అన్నవి అందులో మొదటి పేజీలోనే ఉండాలి.