డిస్కోకు రిటైర్మెంట్ వయసు ఎంత?

తెలంగాణలో ప్రభుత్వోద్యోగి 61 ఏళ్లకు రిటైర్ కావాలి. 2021 దాకా అది 58. అంతకుముందెప్పుడో 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉన్నట్టుండి 55కు దించితే ఎంత లొల్లయిందో, హన్మకొండలో పాత ఎన్జీవోలను కదిపితే ఇవాళ్టికీ కళ్లెర్రజేసి చెప్తారు. టీచరుకు వయసుంది, తహసీల్దారుకు ఉంది, అటెండరుకూ ఉంది. డిస్కో పాడేవాళ్లకు మాత్రం ఏ జీవోలోనూ లేదు. ఇంత పెద్ద సందు వదిలేస్తే ఎవరో ఒకరు దూరకుండా ఉంటారా? దూరారు. 2008 మే 20న అమెరికాలో డోనా సమ్మర్ అనే గాయని "క్రేయాన్స్" పేరుతో ఒక ఆల్బమ్ విడుదల చేసింది. ఒక్క భజన లేదు. ఎగరడానికి పనికొచ్చే పాటలే ఎక్కువ. ఆమె పుట్టింది 1948 డిసెంబర్ 31న. నేను వేళ్ల మీద లెక్కేశాను, 59.

అదే ఆమె వరంగల్ కలెక్టరేట్‌లో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసి ఉంటే ఆపాటికి రిటైరై ఏడాది దాటేది. మెడలో పూలదండ, భుజాన శాలువా, చేతిలో గోడ గడియారం, "మేడమ్ గారు చాలా సౌమ్యులు" అని పదిమంది ప్రసంగాలు. అన్నీ పద్ధతిగా జరిగిపోయేవి. ఆ తర్వాత ఆమె ఎగిరినా, కూర్చున్నా అది ఇంట్లోవాళ్ల తలనొప్పి.

ఈమె ఫైలు తిరగేస్తే పాత కేసులు చాలానే ఉన్నాయి. బోస్టన్‌లో పుట్టింది, చిన్నప్పుడు చర్చిలో పాడింది, తర్వాత జర్మనీ పోయింది. అక్కడ మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్ అనే ఇటలీ సంగీతకారుడు, పీట్ బెలాట్ అనే ఆయన జోడీదారు తగిలారు. ముగ్గురూ కలిసి 1975లో దాదాపు 17 నిమిషాల పాట ఒకటి చేశారు. ఆ పాట వివరాల్లోకి వెళ్లను, ఈ వ్యాసం ఇంటిల్లిపాదీ చదువుతారు. 1977లో మరీ ముదిరి, వాద్యకారులను పక్కన కూర్చోబెట్టి "ఐ ఫీల్ లవ్" అనే పాట మొత్తం మోగ్ సింథసైజర్ అనే కరెంటు వాద్యం మీదే లాగించేశారు. మొత్తం అంటే మొత్తం కాదు. ఒక్క చోట మెషీన్ చేతులెత్తేసింది. కింది నుంచి దబ్ దబ్ మని గుండెకు తగిలే కిక్ డ్రమ్ దానికి సరిగ్గా పలకలేదు. చివరికి కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్‌ను పిలిచి తొక్కించుకున్నారు. ఇది మాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంత పెద్ద డీజేని మాట్లాడుకున్నా, ముందర డప్పులోళ్లు లేకపోతే మా పెండ్లి బారాత్ సందు మలుపు దాటదు. (నా ఉద్దేశంలో డిస్కో అంత కష్టమైన విద్య కూడా కాదు. దెబ్బ వెనక దెబ్బ సమానంగా పడుతుంది, స్తంభాన్ని నిలబెట్టినా ఊగుతుంది. తీన్మార్‌లో దెబ్బ ఊరించి పడుతుంది, దానికి నడుం ఉండాలి.)

అమెరికాలోనూ బాధ్యత తెలిసిన పెద్దమనుషులు లేకపోలేదు. 1979 జూలై 12న చికాగోలోని కొమిస్కీ పార్కులో రెండు బేస్‌బాల్ మ్యాచ్‌ల మధ్య విరామంలో డిస్కో రికార్డులను పెట్టెలో పోసి, మందు పెట్టి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకి గడ్డి పీకారు, రెండో మ్యాచ్ ఆగిపోయింది. ఆశయం గొప్పదే, ఏర్పాట్లు బాగాలేవు. ఫలితం చూస్తే మాత్రం ఏడుపొస్తుంది. రెండు రోజుల తర్వాతి తేదీతో వచ్చిన బిల్‌బోర్డ్ పత్రిక పాటల చార్టులో నంబర్ వన్ ఎవరిదయ్యా అంటే ఈ డోనా సమ్మర్ పాటదే. అయిదు వారాలు అక్కడి నుంచి దిగలేదు.

ఎన్టీఆర్ 55 అన్న 1983లోనే ఆమె ఇంకో పాటతో వచ్చింది. ఒక రెస్టారెంట్ బాత్రూం దగ్గర పనిచేసే ఆడమనిషి అలసిపోయి కునుకు తీస్తుంటే చూసి, ఒళ్లొంచి పైసలు సంపాదించే ఆడవాళ్ల మీద కట్టిన పాట అది. దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆడవాళ్ల రెక్కల కష్టానికి మన సమాజం ఏనాడూ వయోపరిమితి పెట్టలేదు. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు 70 ఏళ్ల అవ్వలు చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే, నాట్లప్పుడు మోకాటిలోతు బురదలో వంగితే, ఈ వయసులో ఇదేం పని అని ఎవరైనా అడిగారా? అంత సంస్కారం లేనివాళ్లం కాదు. వంగినంతసేపు ఏ గొడవా లేదు. లేచి ఎగిరితేనే సమస్య.

ఇక అసలు ఆల్బమ్ సంగతి. 1991 తర్వాత ఆమె కొత్త పాటల స్టూడియో ఆల్బమ్ అంటూ చేయలేదు. మధ్యలో 1994లో క్రిస్మస్ పాటలు పాడింది. అక్కడ ఆగి ఉంటే ఎంత గౌరవంగా ఉండేది! భక్తి లైన్‌లోకి వచ్చిన మనిషి మళ్లీ వెనక్కి మళ్లుతుందని ఎవరనుకుంటారు? 17 ఏళ్ల గ్యాప్ తర్వాత వచ్చి, ఒక పాటలో కాళ్లు నేలకేసి కొట్టమంటుంది. ఇంకో పాటలో రాణి తిరిగొచ్చిందని తనకు తనే చాటింపు వేసుకుంటుంది. సన్మాన సభల్లో బిరుదు వేరేవాళ్లు ఇవ్వాలి, మనం వద్దు వద్దంటూ తల వంచి పుచ్చుకోవాలి. ఆ మర్యాద కూడా పాటించలేదు.

పైగా ఆ రాణి పాట రాసినవాళ్లలో ఇవాన్ బోగార్ట్ అని ఒకతను ఉన్నాడు. 70ల్లో ఈమె రికార్డులను అమెరికాలో అమ్మిన కాసబ్లాంకా కంపెనీ యజమాని నీల్ బోగార్ట్ కొడుకు. తండ్రి కంపెనీలో పాడి, ఆ కంపెనీ మీదే కోర్టుకెక్కి బయటికొచ్చి, అంత కాలం తర్వాత కొడుకుతో కూర్చుని పాట కట్టింది. మన సినిమాల్లో వారసుడు రంగంలోకి దిగితే ముందు మారేది హీరోయిన్. అక్కడ వారసుడు వచ్చాడు, హీరోయిన్ మాత్రం మారలేదు. ఇలాంటి చెడు సంప్రదాయం మన ఫిల్మ్‌నగర్ దాకా పాకితే ఎంతమంది నిర్మాతల ప్లానింగ్ దెబ్బతింటుందో ఆలోచించండి.

ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 అనే ఆల్బమ్‌ల చార్టులో 17వ స్థానంలో దిగింది. అందులోని మూడు పాటలు డాన్స్ క్లబ్ చార్టులో నంబర్ వన్ అయ్యాయి. అంటే పిల్లలు నిజంగానే ఎగిరారన్నమాట. ఎవరి పిల్లలో, ఏమో.

విషయం తీవ్రత దృష్ట్యా దీన్ని భద్రకాళి బండ్ మీద పొద్దున్నే నడిచే పెద్దల ముందు పెట్టాను. అందరూ మగవాళ్లే. ఆడవాళ్లు ఆ టైమ్‌లో ఇంట్లో టిఫిన్ పనిలో ఉంటారు కాబట్టి చర్చ ప్రశాంతంగా సాగింది. రిటైర్డ్ హెడ్మాస్టర్ ఒకాయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

"ఆ వయసుల రామకోటి రాసుకోవాలె గని, గీ ఎగురుడేంది సార్? ఇజ్జత్ ఉండాలె గద."

నేను తలూపాను. ఆయన చొక్కా జేబులో చిన్న స్పీకర్ ఉంది. అందులో 80ల నాటి తెలుగు డిస్కో పాట మోగుతోంది, హీరో తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు వేసుకుని మెట్ల మీద లైట్లు వెలిగించే రకం. మాట్లాడుతున్నంతసేపూ సారు గారి కుడి బూటు తాళం తప్పలేదు. ఆ కాలపు హీరోలు 60 దాటినా ఇప్పటికీ హీరోలే కదా సార్, వాళ్ల సంగతేంటి అని అడిగాను. "వాళ్లకు ఎనర్జీ ఉంటది. అభిమానులు కోరుకుంటరు," అన్నారు. అందరూ ఔనన్నారు. దాంతో మగవాళ్ల విషయం మూడు నిమిషాల్లో పరిష్కారమైపోయింది. మిగతా గంటా డోనా సమ్మర్ మీదే నడిచింది. అప్పటికి ఆమె పాట ఒక్కటి కూడా ఎవరూ వినలేదు, దానివల్ల తీర్పులో స్పష్టత పెరిగింది.

అయితే క్షేత్రస్థాయిలో పరిస్థితి చేయి దాటిందని నక్కలగుట్ట దగ్గర ఒక ఫంక్షన్ హాల్ ముందు తెలిసింది. రాత్రి తొమ్మిదిన్నర. డీసీఎం వ్యాను మీద బాక్సులు, వెనక జనరేటర్. దెబ్బ పడ్డప్పుడల్లా పక్కన పార్క్ చేసిన కారు కుయ్యి కుయ్యి మని మొత్తుకుంటోంది. పదింటికి ఆపాలి కాబట్టి డీజే పిల్లాడు ఉన్న సరుకంతా ఒకేసారి దించుతున్నాడు. అప్పటిదాకా కుర్చీలో కూర్చుని "మెట్లెక్కలేను, అన్నం ఇక్కడికే తెండి" అన్న పెండ్లికొడుకు పెద్దమ్మ లేచింది. ఎడమ మోకాలికి పట్టీ ఉంది. చెప్పులు విడిచి కుర్చీ కిందికి తోసింది. హ్యాండ్‌బ్యాగు, ఫోను, కళ్లద్దాలు వరసగా కొడుకు చేతిలో పెట్టింది.

"అమ్మా, డాక్టర్ వద్దన్నడు గదనే," అన్నాడు కొడుకు.

"డాక్టర్‌కు పత్రిక ఇయ్యలే బిడ్డా. జర సంచి పట్టుకో," అని కొంగు నడుముకు చుట్టి గుంపులోకి పోయింది.

తర్వాత ఏం జరిగిందో రాస్తే మంచిది కాదు. డప్పు కొట్టే పిల్లలు డీజే వైపు చూడటం మానేసి ఆమె కాళ్లు చూసి కొట్టడం మొదలుపెట్టారని మాత్రం చెప్పగలను. "గీ వయసుల గిదేంది వదినె" అని పక్కనుంచి వాళ్ల మరిది మస్తు బాధపడ్డాడు. ఆయనకూ 65 ఉంటాయి. ఆ బాధపడే సమయానికి ఆయన రోడ్డు మీద పడుకుని, దస్తీ నోట్లో కరుచుకుని, నాగుపాములా పొర్లుతున్నాడు.

ఈ అరాచకానికి మూలం ఎక్కడుందా అని వెతికితే ఊరే దోషిగా తేలింది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర చూడండి. వంగి చప్పట్లు కొట్టి, లేచి, తిరిగి, మళ్లీ వంగి, గంటల తరబడి. మనవరాలు అలసిపోయి ఫోన్ చూసుకుంటుంటే అవ్వ ఇంకో వరసలోకి దూరుతుంది. మేడారంలో శివసత్తులను వయసు సర్టిఫికెట్ అడిగే ధైర్యం ఎవరికైనా ఉందా? నాకు లేదు. హెడ్మాస్టర్ గారిని అడిగితే "అది దేవుని పని, లెక్కల రాదు" అని మినహాయింపు ఇచ్చారు. బాగానే ఉంది. కానీ డోనా సమ్మర్ కూడా పేరు మంచి ఊపు మీదున్న 1979 ప్రాంతంలోనే భక్తిలోకి మళ్లిన క్రైస్తవురాలు. ఇప్పుడు ఆమె ఎగురుడును ఏ పద్దు కింద రాయాలో ఆయనకూ తోచలేదు. మాట మార్చి బీపీ గోళీల రేట్ల గురించి మాట్లాడారు.

రాణి తిరిగొచ్చింది అనే మాట దగ్గర మాత్రం ఓరుగల్లు మనిషిగా నాకు సొంత అభ్యంతరం ఉంది. మా రాణి తిరిగి రావాల్సిన అవసరమే పడలేదు, ఎందుకంటే ఆమె ఎక్కడికీ పోలేదు. 1262లో గద్దెనెక్కిన రుద్రమదేవి చనిపోయిన వార్త 1289 నాటి చందుపట్ల శాసనంలో ఉంది. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడి మీద యుద్ధంలోనే పోయిందని చరిత్రకారులు చెప్తారు. ఏజ్‌డ్ పర్సన్, కోటలో కూర్చుని మనవడికి పాఠాలు చెప్పుకోవచ్చు కదా అని ఆనాడు ఏ సామంతుడైనా అన్నాడేమో తెలియదు గానీ, అన్నవాడి శాసనం మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఒక్క విషయంలో అమెరికావాళ్లు మన పద్ధతి పాటించినందుకు సంతోషం. డోనా సమ్మర్ పేరు సంగీతకారులను సన్మానించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ నామినేషన్ల జాబితా దాకా వస్తూ పోతూ ఉండేది. 2012 మే 17న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 63 ఏళ్లకు చనిపోయింది. 2013లో హాల్‌లోకి తీసుకున్నారు. కళాకారులకు శాలువా ఎప్పుడు కప్పాలో వాళ్లకూ తెలుసన్నమాట. "క్రేయాన్స్" ఆమె చివరి స్టూడియో ఆల్బమ్ అయింది. రిటైర్మెంట్ ఆర్డర్ చివరిదాకా చేతికి అందలేదు.

ఇలాంటివి మళ్లీ జరగకుండా బండ్ మీది పెద్దలం కలిసి ఒక ముసాయిదా తయారుచేశాం. 58 దాటిన మహిళ ఎవరైనా బహిరంగంగా ఎగరదలిస్తే కొడుకు, అల్లుడు, మరిది, ఈ ముగ్గురి నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ముగ్గురూ అప్పటికే బారాత్‌లో ఎగురుతూ ఉంటే ఎగురుడు అయ్యేదాకా ఆగాలి. పింఛనుదారులు ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు కదా, దాని బదులు ఆల్బమ్ ఇస్తామంటే ఒప్పుకునేది లేదు. బతుకమ్మ, బోనాలు, జాతర, నాట్లు, బీడీలు, అంట్లు ఈ నిబంధనల పరిధిలోకి రావు. మగవాళ్లు అసలే రారు. అభ్యంతరాలుంటే 15 రోజుల్లోగా రాతపూర్వకంగా భద్రకాళి బండ్ మీద మూడో బెంచీ దగ్గర అందజేయాలి. డప్పులతో వచ్చి ఇచ్చే దరఖాస్తులు స్వీకరించబడవు, పోయినసారి అలా ఒక గుంపు వస్తే కమిటీ సభ్యుల్లో సగం మంది వాళ్ల వెంట చౌరస్తా దాకా వెళ్లిపోయారు.