మొక్క మనది, నీళ్లు డ్రైనేజీవి

జూన్ 5, పర్యావరణ దినోత్సవం దగ్గరపడితే చాలు, విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట, నిజామాబాద్ ఖలీల్‌వాడి లాంటి డాక్టర్ల వీధులకు పచ్చదనం పూనుతుంది. సామగ్రి పెద్దగా అక్కర్లేదు. కానుగ మొక్క ఒకటి, రిబ్బను కట్టిన కొత్త పార ఒకటి, మొక్కకు ఇరవై రెట్లున్న ఫ్లెక్సీ ఒకటి. ఫ్లెక్సీలో ఉండేది పీవీసీ అనే ప్లాస్టిక్. కాలిస్తే డయాక్సిన్లనే విషాలు వస్తాయి, పూడిస్తే మట్టిలో కలవదు. 'పర్యావరణాన్ని పరిరక్షిద్దాం' అన్న అక్షరాలు మొక్కకన్నా ఎక్కువ కాలం బతికేది అందుకే.

ఈ విధానంలో గొప్ప సుగుణం ఏమిటంటే, క్లినిక్ లోపల ఒక్క వస్తువును కూడా కదపనక్కర్లేదు. కానీ ఈమధ్య కొందరు గేటు దగ్గర ఫొటో దిగి ఊరుకోకుండా లోపలికొచ్చి కుళాయిలు, చెత్తబుట్టలు, గ్యాస్ సిలిండర్లు లెక్కపెడుతున్నారు. వీళ్ల మాట వింటే కరెంటు బిల్లు తగ్గిపోవచ్చు, నీళ్ల ట్యాంకరువాడితో ఏళ్లనాటి అనుబంధం తెగిపోవచ్చు. ఇంత ముప్పు పొంచి ఉంటే యాజమాన్యాలను హెచ్చరించకుండా ఉండటం భావ్యం కాదు.

మొదటి ప్రమాదం డయాలసిస్ సెంటర్లో ఉంది. డయాలసిస్ ద్రవం సాధారణంగా నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున పారుతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు. ఇది ఆర్వో నీరు. ప్లాంటు వచ్చిన నీటిలో సగాన్ని శుద్ధి చేసి సగాన్ని రిజెక్టుగా వదిలేస్తుందనుకుంటే, ఒక్కో రోగి పేరు మీద మరో 120 లీటర్లు ఆ రోగి మొహం కూడా చూడకుండా కాలువలో కలుస్తాయి. పది మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు వేసుకుంటే 3,600 లీటర్లు. ముందు గేట్లో 5,000 లీటర్ల ట్యాంకరు ఆగి ఉంటుంది, వెనక గోడ కింద నుంచి 3,600 లీటర్లు వెళ్లిపోతుంటాయి. రెంటికీ మధ్య పైపు వేయాలన్న దురాలోచన ఇన్నాళ్లూ ఎవరికీ రాలేదు.

రిజెక్టు నీరంటే రోగి రక్తాన్ని తాకిన నీరని చాలామంది స్టాఫ్ కూడా నమ్ముతారు. ఆ నమ్మకాన్ని చెదరనివ్వకండి. నిజానికి అది బోరు నీరే. ఇసుక ఫిల్టరు, సాఫ్ట్‌నర్, కార్బన్ ఫిల్టరు దాటి వచ్చింది, ఉప్పులు మాత్రం పెరిగాయి. బోరులో టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల లెక్క) 1,000 ఉంటే రిజెక్టులో రెండు వేల దగ్గర ఉంటుంది. తాగడానికి పనికిరాదు గానీ మరుగుదొడ్ల ఫ్లష్‌కు, వరండా కడగడానికి భేషుగ్గా సరిపోతుంది. మిషన్ నుంచి బయటికొచ్చే వాడేసిన ద్రవం సంగతి వేరు, దాని దారి మురుగునీటి శుద్ధికే.

ఎవరైనా మొండికేసి పైపు వేయిస్తామంటే పని పాడుచేసే మార్గాలు మూడున్నాయి. మొదటిది, రిజెక్టు లైను చివర ఫ్లోట్ వాల్వు బిగించడం. ట్యాంకు నిండగానే వాల్వు మూసుకుంటుంది, రిజెక్టు పోయే దారి లేక మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) మీద ఉప్పు పేరుకుంటుంది, కొన్నాళ్లకు కొత్త మెంబ్రేన్లు కొనాల్సి వస్తుంది, నేరం పర్యావరణం మీదికి పోతుంది. (తెలిసినవాళ్లు లైనును ఎప్పుడూ మూయరు. ట్యాంకు పైభాగం నుంచి నీళ్లు బయటికి పొర్లిపోయే దారి పెట్టి, ఫ్లోట్ స్విచ్‌ను మేడ మీదికి తోడే మోటారుకు పెడతారు.) రెండోది, ఈ పైపుకూ మంచినీళ్ల పైపుకూ ఒకే రంగు వేయడం. ఏడాది తిరక్కుండానే ఏదో ఒక ప్లంబరు చేతులు కడిగే సింకును దానికి కలుపుతాడు. మూడోది, టీడీఎస్ చూడకుండా లాన్‌కు పట్టడం. గడ్డి, గులాబీలు మాడిపోతాయి. కానుగ మొండిది, తట్టుకుంటుంది.

చిన్న శరీరం ఉన్న రోగులకు ద్రవం వేగాన్ని 400కు తగ్గించినా రక్తశుద్ధి పెద్దగా తగ్గదని తెలిసిన నెఫ్రాలజిస్టులు కూడా ఉన్నారు. క్లియరెన్స్ పరీక్ష చూసుకుని వాళ్లు ఆ నిర్ణయం తీసుకుంటే ఒక్కో సెషనుకు 24 లీటర్లు మిగులుతాయి. ప్రైమింగ్ (గొట్టాలను ద్రవంతో నింపి సిద్ధం చేయడం) అయ్యాక రోగి బస్సు దిగేదాకా మిషన్‌ను స్టాండ్‌బైలో పెట్టడం ఇంకా తేలిక. ఒక్క బటన్. అయినా ఆ బటన్ అలిగే అవకాశం ఉంది కనుక ముట్టుకోకపోవడమే ఆనవాయితీ.

రెండో ప్రమాదం చెత్తబుట్టలు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు నాలుగు రంగులు చెప్పాయి. నెత్తుటి దూది, కట్లు, కాలం చెల్లిన మందులు పసుపు సంచిలోకి. సెలైన్ గొట్టాలు, సూది తీసిన సిరంజీలు, గ్లవుజులు ఎర్ర సంచిలోకి. సూదులు, బ్లేళ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. గాజు వయల్స్ నీలానికి. మన క్లినిక్కులు ఇంత గందరగోళం ఎందుకని అన్నీ పసుపులో వేయడమే క్షేమమని తేల్చాయి. టీ కప్పు, బిస్కెట్ ప్యాకెట్టు, గ్లవుజుల అట్టపెట్టె, రోగి బంధువు వదిలిన అరటితొక్క, అన్నిటికీ పసుపు యోగమే. ఆసుపత్రి చెత్తలో 85 శాతం దాకా మామూలు ఇంటిచెత్త లాంటిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దానికేం, జెనీవాలో కూర్చుని ఎన్నైనా అంటుంది.

పసుపు సంచి కొలిమికి పోతుంది. అందులో పీవీసీ గొట్టం పడితే పొగలో డయాక్సిన్లు, తడి అరటితొక్క పడితే దాన్ని ఎండబెట్టి కాల్చడానికి అదనపు ఇంధనం. ఎర్ర సంచిలోది మాత్రం ఆటోక్లేవ్ చేసి, అంటే ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపి, ముక్కలు కొట్టి మళ్లీ ప్లాస్టిక్‌గా అమ్ముతారు. ఇంత తేడా ఉన్నా మనకు పట్టకపోవడానికి బలమైన ఆర్థిక కారణం ఉంది. చాలాచోట్ల చెత్త తీసుకెళ్లే సంస్థ మంచానికి ఇంతని వసూలు చేస్తుంది. ఐదు కిలోలు ఇచ్చినా యాభై ఇచ్చినా అదే బిల్లు. డబ్బు కట్టాక తక్కువ చెత్త ఇవ్వడం శుద్ధ దండగ కాదా?

నర్సులకు ఎన్ని శిక్షణలు ఇచ్చినా మారరని మేనేజర్లు వాపోతుంటారు. డ్రెస్సింగ్ ట్రాలీ దగ్గర పసుపు బుట్ట ఒక్కటే పెట్టి, ఎర్రదాన్ని వరండా చివర పెట్టి, గోడ మీద ఇంగ్లిషు పోస్టరు అంటిస్తే ఎవరు మాత్రం మారతారు? చేయి చాచినంత దూరంలో ఏ బుట్ట ఉంటే అదే సరైన బుట్ట. ప్రతి ట్రాలీకి పసుపు, ఎరుపు రెండూ తగిలించి, సూదిని కత్తిరించే హబ్ కట్టర్ పక్కనే పెట్టి, మామూలు చెత్తకు విడిగా డబ్బా ఇస్తే పని అయిపోతుంది. కానీ అందులో సర్టిఫికెట్లు పంచే కార్యక్రమం ఉండదు.

కంటి క్లినిక్కులు ఇంకా ముందున్నాయి. ప్రతి శుక్లం ఆపరేషనుకూ విడి డిస్పోజబుల్ కిట్ విప్పుతారు. అందులో సగం వస్తువులు ముట్టుకోకుండానే చెత్తలో పడతాయి, బిల్లులో మాత్రం పడకుండా ఉండవు. పక్క రాష్ట్రంలో మదురై అరవింద్ ఆసుపత్రి పద్ధతి మాత్రం అనుకరించకండి. అక్కడ ఒక ఫేకో (అల్ట్రాసౌండుతో శుక్లం తీసే) ఆపరేషనుకు సుమారు 6 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన ఉద్గారాలు, 250 గ్రాముల చెత్త అని 2017లో వెలువడ్డ అధ్యయనం లెక్కగట్టింది. బ్రిటన్‌లో అదే ఆపరేషనుకు అయ్యే ఉద్గారాల్లో ఇది ఇరవయ్యో వంతు. ఇన్ఫెక్షన్లు పెరిగాయా అంటే అదీ లేదు. పరికరాలు కడిగి ఆవిరితో శుద్ధి చేసి వాడతారు, చుక్కల మందు సీసా ఒక్క రోగికే పరిమితం కాదు.

దీన్ని సగం సగం నేర్చుకోవడం మరీ ప్రమాదం. కంటిలో వాడే సన్నటి గొట్టం, కాన్యులాలో జిగురు ద్రవం ఎండిపోతే ఏ ఆటోక్లేవూ దాన్ని వదిలించదు. తర్వాతి రోగి కన్ను మర్నాటికే ఎర్రబడి మసకేస్తుంది. సూక్ష్మజీవి ఏదీ దొరకదు. సూక్ష్మజీవి లేకుండా కంటిలో మిగిలిన మలినం వల్ల వచ్చే ఈ వాపునే టాస్ అంటారు. ఆపరేషన్ అయిన వెంటనే గొట్టం లోపలికి డిస్టిల్డ్ వాటర్ పలుమార్లు కొట్టడం దీనికి విరుగుడు. తిరిగి వాడటం అంటే చవకగా వాడటం కాదు, ఆ కడిగే మనిషికి సరైన జీతం ఇవ్వడం. కిట్ కొనడమే సుఖం.

మత్తు వాయువుల ముచ్చట క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెబితే నిద్రొస్తుంది. డెస్‌ఫ్లురేన్ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడుకన్నా సుమారు 2,500 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. సెవోఫ్లురేన్ అందులో పదో వంతు కూడా కాదు. పైగా రోగిని నిద్రలో ఉంచడానికి సెవో 2 శాతం చాలితే డెస్ 6 శాతం కావాలి. స్కాట్లాండ్ 2023లోనే దాన్ని పక్కనపెట్టింది. యూరోపియన్ యూనియన్ 2026 జనవరి 1 నుంచి తప్పనిసరి అయితే తప్ప వాడొద్దంది. మన దగ్గర అది ఇంకా హోదా చిహ్నం. ఏది వాడినా మొదటి పది నిమిషాల తర్వాత తాజా గ్యాస్‌ను నిమిషానికి 4 లీటర్ల నుంచి 1 లీటరుకు తగ్గించవచ్చు. అందుకు గ్యాస్ మానిటరు పనిచేయాలి, రోగి వదిలే కార్బన్ డయాక్సైడును పీల్చుకునే సోడా లైమ్‌ను రంగు మారగానే మార్చాలి. నైట్రస్ ఆక్సైడ్ పైపులైన్లలో చాలా భాగం రోగిదాకా రాకుండానే లీకవుతుందని తేలాక బ్రిటన్ ఆసుపత్రులు మేనిఫోల్డులు (పైపులైన్లకు గ్యాస్ పంపే సిలిండర్ల వరసలు) మూసి మిషన్ పక్కన చిన్న సిలిండరు పెట్టుకుంటున్నాయి. మన సిలిండర్ల గదికి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో లీకుకు కూడా తెలియదు.

ఛాతీ వైద్యులకు ఒక చిన్న చిక్కుంది. స్ప్రే ఇన్‌హేలర్లో మందును తోసే హెచ్‌ఎఫ్‌ఏ-134ఏ వాయువు కార్బన్ డయాక్సైడుకన్నా దాదాపు 1,400 రెట్లు చెడ్డది. మన రోగులు ఏళ్లుగా వాడుతున్న రోటాహేలర్ క్యాప్సూల్ పొడిలో ఆ వాయువే లేదు. గట్టిగా పీల్చగలిగిన పెద్దవాళ్లకు అది సరిపోతుంది. చంటిపిల్లలకు, తీవ్రంగా ఆయాసపడేవారికి స్పేసర్‌తో స్ప్రేనే కావాలి. 'పొడిమందు పాతకాలందండీ' అని రోగికి చెప్పేవరకే ఈ చిక్కంతా.

వెయిటింగ్ హాలు ఏసీల మీద రాయడానికేమీ లేదు. 18 దగ్గర పెట్టి తలుపు తెరిచి ఉంచుతారు, ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు 6 శాతం మిగులుతుందని అందరికీ తెలుసు, రోగులు శాలువాలు తెచ్చుకుంటున్నారు. ఆపరేషన్ థియేటర్ సంగతి వేరు. అక్కడ రాత్రి మొత్తం ఆపేయకూడదు, గది లోపలి పీడనం పడిపోతుంది. బ్లోయర్ నెమ్మదిగా తిప్పుతూ చల్లదనం ఆపితే చాలు. దానికి మోటారు వేగాన్ని తగ్గించే వీఎఫ్‌డీ అనే పెట్టె కావాలి. ఉన్నచోట కూడా అది నూరు శాతం మీదే ఇరుక్కుపోయి ఉంటుంది, ఎందుకంటే బిగించినవాడు పాస్‌వర్డు చెప్పకుండా వెళ్లాడు.

ఇంత చెప్పినా వినకుండా ఎవరైనా ఏదో ఒకటి చేసి తీరతామంటే, ఖర్చు తక్కువ పని ఒకటుంది. చెత్త గదిలో వేలాడే త్రాసు కట్టి, నెలపాటు రంగులవారీగా ప్రతి సంచినీ తూచి రాయడం. పసుపు ఎంత, ఎరుపు ఎంత అని తేలితేనే ఏ వార్డులో ఏ బుట్ట తప్పు చోట ఉందో తెలుస్తుంది. ఇక్కడా మన క్లినిక్కులు ముందే సిద్ధంగా ఉన్నాయి. రిజిస్టరు ఉంది, రోజువారీ బరువులున్నాయి, సంతకాలున్నాయి, తనిఖీ వస్తుందన్న ముందురోజు సాయంత్రం మూడు నెలలవీ ఒకే పెన్నుతో పూర్తయ్యాయి. పసుపు సంచి, 4.2 కిలోలు. మర్నాడు 4.2. ఆ మర్నాడూ 4.2. ఆదివారం కూడా 4.2. ఆదివారం ఆ క్లినిక్‌కు సెలవు.