గాలిపటం ఆ పిట్ట కళ్ళకి గద్దే అండీ

నిన్న కాలిఫోర్నియాలో హాఫ్ మూన్ బే బీచ్‌లో మన తెలుగాయనే, పేరెందుకులెండి, నేలమీద గుడ్లు పెట్టే పిట్టల కోసం తాడు కట్టిన చోటుకి పది అడుగుల్లో పిల్లాడితో గాలిపటం ఎగరేయిస్తున్నారు. వద్దండీ అన్నాను. "ఇంత బీచ్‌లో మీకా పిట్టలే దొరికాయా?" అన్నారు. కోపం కన్నా బాధే ఎక్కువేసింది. ఎందుకంటే కొన్నేళ్ళ కిందట హేవర్డ్ దగ్గర ఈడెన్ ల్యాండింగ్‌లో, ఆ పిట్టల కోసమే, ఆయనా నేనూ ఒకే బకెట్‌కి చెరో పక్కా పట్టుకుని ఆల్చిప్పలు మోశాం.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. స్నోయీ ప్లవర్ అని, ఇసుక రంగులో పిచ్చుక కన్నా కాస్త పెద్ద పిట్ట. పసిఫిక్ తీరంలో ఉండేవాటిని 1993లోనే ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. మన తీతువు పిట్టకి చుట్టమే. దానిలాగే ఇదీ చెట్టెక్కి గూడు కట్టదు, ఉత్త నేలమీద చిన్న గుంట గీకి మూడు గుడ్లు పెడుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో బే చుట్టూ ఎండిపోయిన పాత ఉప్పు మడులే దీనికి పురిటిల్లు. ఆ చదును నేలలో గుడ్డు కనబడిందంటే బొంతకాకికి వడ్డించిన విస్తరే. అందుకే ఆ ఆల్చిప్పలు. అవి నేలమీద పరిస్తే వాటి మధ్య గుడ్లూ పిల్లలూ కలిసిపోతాయి.

పని మాత్రం ఫొటోల్లో ఉన్నంత సరదాగా ఉండదు. మార్చిలో గుడ్లు మొదలవుతాయి కాబట్టి ఆలోపే అయిపోవాలి. చిప్పల అంచులకి నా గ్లవ్స్ చిరిగి, వేళ్ళ కోతల్లోకి ఉప్పు దిగి రెండు రోజులు మంట. మేమేమో గబగబా కుప్పలు పోసేసి సెల్ఫీలు దిగుతున్నాం. వెనకాలే కోఆర్డినేటర్ వచ్చి ఆ కుప్పల్ని రేక్‌తో పలచగా లాగుతోంది. మధ్యలో పిట్ట నడవాలి కదా, ఆ మాత్రం మాకు తట్టలేదు.

అంత మోసినవాళ్ళం, గుడ్ల టైమ్‌లో చేయాల్సింది ఒక్కటే: దూరంగా ఉండటం. అదే మనవల్ల కాదు. గాలిపటం నీడ పడితే పిట్ట గద్దనుకుని గుడ్లు వదిలేసి లేచిపోతుంది. ఈలోపు గుడ్లు ఎండకి మాడొచ్చు, ఇసుకలో కూరుకుపోవచ్చు. మనం పారేసిన చిప్స్ కోసం వచ్చిన కాకులు ఎటూ అక్కడే ఉంటాయి. పుట్టిన కొన్ని గంటలకే పిల్లలు నడిచేస్తాయి, వాటిని కాచేది తండ్రి. తల్లి చాలాసార్లు ఇంకో జోడు చూసుకుని మళ్ళీ గుడ్లు పెడుతుంది. (మా ఆవిడకి ఈ ముక్క తెగ నచ్చింది.)

నేనేం శుద్ధపూసని కాదు. మొదటి ఏడాది మంచి ఫొటో కోసం తాడు దాటినవాణ్ణే. ఒకావిడ కేకేస్తే సిగ్గుపడి వెనక్కొచ్చాను. అందుకే నిన్న ఆయన్ని గట్టిగా అనలేకపోయాను.

రాత్రి ఆయనే మెసేజ్ పెట్టారు. పిల్లాడికి కాలేజీ అప్లికేషన్‌లో చూపించడానికి వాలంటీర్ గంటలు ఇంకో ఆరు తక్కువయ్యాయట, ఈ నెలలో పక్షుల ఈవెంట్లేమైనా ఉన్నాయా అని. ఇంకా జవాబివ్వలేదు.