ముక్తికి మూరెడు దారం

మనశ్శాంతి కోసం ఇక కళ్లు మూసుకోనక్కర్లేదు. మూసుకుంటే సూది వేల్లో దిగుతుంది. అమెరికాలో వర్ధిల్లి, అంతర్జాలం దారిన మన దాకా వచ్చిన ఈ కొత్త సాధనామార్గం పేరు పూసల బొంత. కావలసినవి నాలుగే: జానెడు బొంత ముక్క, ఆవగింజంత గాజు పూసలు, బెజ్జం ఉందో లేదో తెలియని సూది, ఈ మూడూ కలిసి మనశ్శాంతి ప్రసాదిస్తాయని నమ్మగల హృదయం. ఆ నాలుగోది ఉంటే మిగతా మూడూ కొరియర్‌లో వస్తాయి.

చరిత్ర చెప్పుకోకుండా సాధన మొదలుపెట్టడం మర్యాద కాదు. మంచం మీది బొంతను గోడకెక్కించిన ఘనత అమెరికన్లదే. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత బొంతలను వర్ణచిత్రాల్లా గోడలకు తగిలించింది. 1979లో ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్ ఊళ్లో, ఆవులు ఖాళీ చేసిన ఒక డెయిరీ కొట్టంలో ‘క్విల్ట్ నేషనల్’ అనే బొంతల ప్రదర్శన మొదలైంది. 2007లో రాబిన్ అట్కిన్స్ అనే పూసల కళాకారిణి ‘బీడ్ జర్నల్ ప్రాజెక్ట్’ పేరుతో ఒక పద్ధతి పెట్టారు. డైరీ రాసినట్టు నెలకొక చిన్న పూసల ముక్క, ఏడాదికి పన్నెండు. కొలత చిన్నది, గడువు ఖాయం. ఇది నిజంగానే మంచి ఆలోచన, వెక్కిరించడానికి వీలు లేనిది. కాబట్టి త్వరగా ముందుకు పోదాం.

తర్వాతి తరం సాధకులు ఆ పద్ధతిలోంచి కొలతను తీసేశారు, గడువును తీసేశారు, కుట్టు నేర్చుకోవాలన్న నియమాన్నీ తీసేశారు. మిగిలింది అనుభూతి. ‘ప్లాను వద్దు, మనసు ఎటు లాగితే సూదిని అటు పోనివ్వండి’ అన్నది ఇప్పటి మూలమంత్రం. మహత్తరమైన మంత్రమే. మనసు ఎటు లాగుతుందో మాకు తెలియదుగానీ, దారం ఎటు లాగుతుందో ఖాయంగా తెలుసు. లోపలికి లాగుతుంది.

ఎనిమిది అంగుళాల ధ్యానం చేయాలనుకున్న సాధకురాలు గుడ్డను ఎనిమిది అంగుళాలకే కత్తిరిస్తుంది. ప్రతి కుట్టూ గుడ్డను రవ్వంత దగ్గరికి లాగుతుంది. పూసలు దట్టంగా ఉన్నచోట ఎక్కువ, పలచగా ఉన్నచోట తక్కువ. ఆఖరికి నాలుగు భుజాలూ నాలుగు కొలతల్లో తేలతాయి, అంచు కుట్టడానికి చారెడు గుడ్డ మిగలదు. దీన్ని ‘సేంద్రియ ఆకృతి’ అంటారు. కుట్టు వచ్చినవాళ్లు మాత్రం పన్నెండు అంగుళాల ముక్క తీసుకుని, మధ్యలో ఎనిమిది అంగుళాల గడిని వేరే రంగు దారంతో కచ్చాకుట్టు వేసి గుర్తు పెట్టుకుంటారు. చాక్‌పీసు గీత మూడోనాటికి చెరిగిపోతుంది, కచ్చాకుట్టు చెరగదు. పూసల పని పూర్తయ్యాక మళ్లీ కొలిచి, అప్పుడు కత్తిరిస్తారు. గడి లోపల కూడా అంచు పట్టీకి అర అంగుళం వదులుతారు. ఆ అర అంగుళంలో పూస ఉంటే మిషను పాదం దాన్ని ఎక్కుతుంది, సూది విరుగుతుంది, విరిగిన ముక్క కంటివైపు వస్తుంది. మూడో కన్ను తెరిపించే పద్ధతి ఇది కాదు.

ఇక గణితం. పూసల లోకంలో అంకె పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 6/0 అంటే నాలుగు మిల్లీమీటర్లు, 8/0 అంటే మూడు, అందరూ వాడే 11/0 రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన, 15/0 ఒకటిన్నర. 11/0 పూసలతో ఖాళీ లేకుండా నింపితే చదరపు అంగుళానికి సుమారు 200 పడతాయి. ఎనిమిది అంగుళాల గడి మొత్తానికి 12,800. అంటే 108 పూసల జపమాలలు 118 పూర్తయి, ఇంకా 56 పూసలు మిగులుతాయి. ఆ పుణ్యఫలం బరువు 115 గ్రాముల పైచిలుకు. పలచని నూలు గుడ్డ మీద అంత బరువు పెట్టి గోడకు తగిలిస్తే ఏమవుతుందో న్యూటన్ దగ్గరికి వెళ్లి అడగనక్కర్లేదు. నెల తిరిగేసరికి అడుగు భాగం పొట్టలా ముందుకొస్తుంది.

అందుకే గుడ్డ వెనక గట్టిది ఏదో ఒకటి ఉండాలి. మందపాటి ఫెల్టు గుడ్డ సరిపోతుంది. దర్జీలు కాలరులో పెట్టే క్యాన్వాసూ పనిచేస్తుంది. బొంత మూడు పొరల్ని, అంటే పైగుడ్డ, నడుమ దూది, అడుగుగుడ్డలను, ముందే మిషను మీద కుట్టి, ఆ గీతల వెంబడే పూసలు పరిస్తే బరువును పొరలన్నీ పంచుకుంటాయి. అంచు పట్టీ సంగతి అటుంచితే వరస ఇదీ: ముందు ఇస్త్రీ, తర్వాత మిషను, ఆఖర్న పూస. సాధకులు దీన్ని తలకిందులుగా పాటిస్తారు. పూసలు కుట్టాక ముడతలు కనిపిస్తాయి, ఇస్త్రీపెట్టె గుర్తొస్తుంది, ప్లాస్టిక్ పూసలుంటే అవి పెట్టెకే అంటుకుంటాయి. తప్పనిసరైతే మందపాటి తువ్వాలు మీద పూసలవైపు కిందికి బోర్లించి, వెనకనుంచి ఆవిరి పట్టాలి. అదీ గాజు పూసలకే.

దారం దగ్గర మాత్రం కాస్త నిలబడాలి, ఎందుకంటే ఈ మార్గంలో నిజమైన ఆధ్యాత్మిక పతనం అక్కడే మొదలవుతుంది. ‘ధార తెగకూడదు’ అని సాధకులు బారెడు దారం ఎక్కిస్తారు. మాటిమాటికీ సూదిలో దారం గుచ్చడం ఏకాగ్రతకు భంగమట. బారెడు దారం మొదటి పూస నుంచి ఆఖరి పూస దాకా గుడ్డలోంచి, పూసల బెజ్జాల్లోంచి వందసార్లు పోయి వస్తుంది. గాజు బెజ్జం అంచు దాన్ని ప్రతిసారీ గీరుతుంది. సగానికి వచ్చేసరికి దారం నూగు లేస్తుంది, నూగు లేచిన దారం మెలిపడుతుంది, మెలి చిక్కవుతుంది. ఆ చిక్కు విప్పే అరగంటలో సాధకుల నోట వచ్చే పదాలు ఏ ఉపనిషత్తులోనూ లేవు. మూరెడు దారం చాలు. రెండు పోగులు కావాలంటే రెండు మూరలు తీసి మడవాలి. మామూలు కుట్టు నూలు వద్దు, గాజు దాన్ని కోసేస్తుంది. పూసల కోసమే వచ్చే నైలాను, పాలిస్టరు దారాలున్నాయి. వాటికి మైనం పట్టించి, వేళ్ల మధ్య గట్టిగా లాగితే మెలి పడడం తగ్గుతుంది. సూది పది లేదా పదకొండో నంబరు, పొట్టిది. పొడవాటి పూసల సూది దండ గుచ్చడానికి బాగుంటుంది, మూడు పొరల బొంతలో మాత్రం రెండో రోజుకే వంగి గాలంలా తయారవుతుంది.

పూసలు వరసగా కుట్టే తీరు ఇది. నాలుగు పూసలు ఎక్కించాలి, గుడ్డ మీద పడుకోబెట్టాలి, నాలుగో పూస ఎక్కడ ముగిసిందో సరిగ్గా అక్కడే సూది కిందికి దించాలి. మళ్లీ రెండో, మూడో పూసల మధ్యలోంచి పైకి వచ్చి, మూడు, నాలుగు పూసల్లోంచి ఇంకోసారి దూరి ముందుకు సాగాలి. చోటు ఎక్కువ వదిలితే మధ్యలో దారం పళ్లికిలిస్తుంది. తక్కువ వదిలితే వరస మధ్యలో గూనిలా లేస్తుంది. ఒకేసారి పది పూసలు ఎక్కించి పొడవాటి కుట్టు వేస్తే పని త్వరగా అయినట్టే ఉంటుంది, గోటికి తగిలితే మొత్తం వరస పక్కకు ఒరుగుతుంది. అలా వేసినప్పుడు రెండు, మూడు పూసలకొకసారి అడ్డంగా చిన్న కుట్టుతో తొక్కిపెట్టాలి. గొట్టం పూసల అంచులు కత్తుల్లా ఉంటాయి కనుక రెండు కొసలకూ ఒక్కో గుండ్రటి పూస కాపలా పెట్టాలి. పొరపాటున ఒక పూస ఎక్కువైతే పటకారుతో నలపకూడదు, పగిలిన గాజు దారాన్నే తెంపుతుంది. పూస బెజ్జంలోకి మొద్దు సూది దూర్చి లోపలినుంచి వత్తితే పూస చీలిపోతుంది, దారం బతుకుతుంది. ఆ క్షణంలో కళ్లకు అద్దాలుండాలి.

అంగుళానికో, ఒకటిన్నర అంగుళానికో ఒకసారి వెనకవైపు చిన్న ముడి వెయ్యాలి. ఇక్కడే సిద్ధాంత విభేదం. ముడి వేయడానికి ఆగితే ప్రవాహం పోతుందని సాధకుల వాదన. వాదనలో బలం ఉంది. ముడి లేని చోట దారం తెగితే ప్రవాహం నిజంగానే మొదలవుతుంది. మొదటి పూస రాలుతుంది, దాని పక్కది రాలుతుంది, అలా గడి చివరిదాకా. వైరాగ్యం గురించి మనుషులు పుస్తకాలు చదివి తెలుసుకోవలసి వస్తోంది, పూసలకు అది సహజంగా అబ్బింది.

రంగు సంగతి. ఒక్కో రంగును ఒక్కో చక్రానికి కేటాయించిన పట్టికలు దొరుకుతున్నాయి. వంగపండు రంగు సహస్రారానికి. దురదృష్టవశాత్తు, రంగులద్దిన పూసల్లో త్వరగా వెలిసిపోయేది వంగపండు, గులాబీ రంగులే. కిటికీ పక్కన తగిలిస్తే కొన్నాళ్లకే సహస్రారం పాలిపోతుంది. లోపల వెండి పూత ఉన్న పూసలు గాలికి, చెమటకు నల్లబడతాయి. పైన లోహపు పూత ఉన్నవి రాపిడికి ఊడతాయి. కొనగానే రెండు పూసల్ని గోళ్లరంగు తుడిచే ద్రవంలో కాసేపు ముంచి, తెల్లగుడ్డ మీద రుద్ది చూడాలి. ఇంకో పది పూసలు దారానికి గుచ్చి, సగం వరస మీద అల్యూమినియం కాగితం చుట్టి, నాలుగు వారాలు ఎండ తగిలే కిటికీలో ఉంచాలి. కాగితం విప్పితే రెండు సగాలకూ తేడా ఉందంటే ఆ పూసలు గోడకు పనికిరావు. గాజులోనే రంగు ఉన్నవి భద్రం. ఈ పరీక్ష ఏ ధ్యాన కిట్టులోనూ ఉండదు. పరీక్షలు ఒత్తిడి కలిగిస్తాయి కదా.

తప్పులకు కూడా ఈ మార్గంలో శాస్త్రప్రమాణం ఉంది. అమెరికా ఆదివాసీలు పరిపూర్ణత దైవానికే చెల్లుతుందని ప్రతి పనిలోనూ కావాలని ఒక తప్పు పూస కుట్టేవారని పూసల లోకంలో ఒక కథ తిరుగుతుంటుంది. నిజమో కాదో అటుంచండి, కథలో ఉన్నది ఒక్క పూస. మన సాధకులు వినయంలో ఉదారులు, ప్రతి అంగుళానికీ నాలుగు సమర్పిస్తారు.

పూసల డబ్బా తిరగబడటం గురించి రెండు మాటలు. తిరగబడుతుంది. వాక్యూమ్ క్లీనరు గొట్టం మూతికి పాత మేజోడు తొడిగి రబ్బరు బ్యాండు వేసి లాగితే పూసలన్నీ మేజోడులో పడతాయి. మఖమలు గుడ్డ పరిచిన పళ్లెంలో పెట్టుకుని కుడితే పూస దొర్లదు, సూది మొనతోనే ఎత్తుకోవచ్చు.

ఇంతకీ ఈ పూసలు ఎక్కడివి? నాణ్యమైనవి జపాన్‌లోని హిరోషిమా ప్రాంతం నుంచి, చెక్ దేశంలోని యాబ్లొనెత్స్ నుంచి వస్తాయి. కరిగిన గాజును సన్నని గొట్టంగా సాగదీసి, ముక్కలు చేసి, అంచులు నున్నబడేలా మళ్లీ వేడి చేస్తారు. గాజును గొట్టంగా లాగే విద్య చిత్తూరు సీమకు కొత్త కాదు. శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేటలో కొలిమి ముందు నిలబడి తరతరాలుగా చేసిన పని అది. ఆ సెగలో నిలబడ్డవాళ్లకు తాము చేస్తున్నది ధ్యానమని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కూలి తగ్గించేవారు.

హైదరాబాదు మగ్గం వర్కు షెడ్డుల్లోనూ అదే పరిస్థితి. చెక్క చట్రానికి గుడ్డను డోలు చర్మంలా బిగించి, కొక్కెం సూదితో పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా పెళ్లి బ్లౌజుల మీద పూసలు కుడతారు. గొలుసుకుట్టు కాబట్టి పని చాలా వేగంగా సాగుతుంది. కొస ముడి వెయ్యకపోతే అంతే వేగంగా ఊడుతుంది కూడా. అందుకే అక్కడ మొదటి రోజు నేర్పేది డిజైను కాదు, కొస బిగించడం. నేర్చుకునే కుర్రవాడికి చక్రాల పట్టిక ఇవ్వరు. సరిగ్గా కూర్చోమంటారు, గుడ్డ బిగించమంటారు, ఊడితే మళ్లీ కుట్టమంటారు. మనశ్శాంతి ఉందా అని అడగరు, బ్లౌజు ఎప్పుడిస్తావని అడుగుతారు.

బొంత పూర్తయ్యాక తగిలించడానికి వెనక పైఅంచున నాలుగు అంగుళాల వెడల్పు గుడ్డ గొట్టం కుట్టి, అందులో కర్ర దూర్చాలి. రెండు మూలలకు మేకులు కొడితే నడుము జారుతుంది. వెనక ఒక చీటీ కుట్టి పేరు, సంవత్సరం, వాడిన దారం రకం రాయాలి. దారం రకం ఎందుకంటే, మరమ్మతు చేసేవాళ్లకు కావాలి. మరమ్మతు తప్పదు.

ఆ రోజు వచ్చినప్పుడు రాలిన పూసల్ని ఒక సీసాలోనూ, మిగిలిన ధ్యానాన్ని ఒక సంచిలోనూ వేసుకుని మగ్గం మాస్టారు దగ్గరికే వెళ్లాలి. మీ అంతర్యాత్ర గురించి ఆయనకు వివరించవచ్చు, వింటూనే ఉంటాడు. వింటూనే బొంతను తిరగేస్తాడు, వెనకవైపు బొటనవేలు పెట్టి ఈ కొసనుంచి ఆ కొసదాకా తడుముతాడు, తల ఎత్తకుండానే అడుగుతాడు: “ముడి ఏదమ్మా?”