ఒంటి వేడి పరిశోధక మండలి

నల్లగొండలో ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా, పెళ్లికొడుకు కంటే ముందే వచ్చి కూర్చునే ఉన్నత స్థాయి వైద్య మండలి ఒకటి ఉంటుంది. సభ్యత్వానికి డిగ్రీ అక్కర్లేదు. తమ పిల్లల్ని పెంచేసి, ఊళ్లోవాళ్ల పిల్లల లెక్క తీసే తీరిక ఉంటే చాలు. పెళ్లయి ఏడాది దాటిన కోడలు బగారా అన్నం ప్లేటుతో అటు వెళ్లిందా, విచారణ మొదలు.

"ఏం బిడ్డా, ఇంకా విశేషం లేదా? తెల్లబట్ట అయితుందా?"

నెల మధ్యలో కొన్ని రోజులు అవుతుందని ఆ పిల్ల గొణుగుతుంది. "నేను చెప్పలే! ఒంట్ల వేడి. అందుకే నిలుస్తలేదు." తీర్పు అయిపోయింది. ఒకరు సబ్జా గింజలు రాస్తారు, ఇంకొకరు బార్లీ నీళ్లు. మామిడిపండు బంద్, కోడికూర బంద్. ఎముకలు కరిగి అట్ల పోతాయని అధ్యక్షురాలు వివరిస్తారు, మటన్ బొక్కలోంచి మూలుగ లాగుతూనే.

మండలి వెతుకుతున్న విశేషానికి దారి చూపేది ఆ నెల మధ్య తడే. నెలసరి ఆగాక సాధారణంగా కొన్నాళ్లు పొడిగా ఉంటుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగేకొద్దీ గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే జిగురు పలచబడి, కోడిగుడ్డు తెల్లసొనలా, రెండు వేళ్ల మధ్య తెగకుండా సాగుతుంది. అండం విడుదల దగ్గరపడిందన్నమాట. ఆ జిగురులో వీర్యకణాలు 5 రోజుల దాకా బతకగలవు. అండానికి ఒక్క రోజే ఆయుష్షు. తర్వాత ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ వచ్చి జిగురును చిక్కబరచి దారి మూసేస్తుంది. దుర్వాసన, దురద, మంట ఉంటేనో, విరిగిన పాలలా వస్తేనో అది వేరే సంగతి, డాక్టరుకు చూపించాలి. మండలికి రెండూ ఒకటే. రెండింటికీ సబ్జా.

పోనీ వీళ్లకు గమనించడం రాదా? మృగశిర కార్తెలో చెలక మట్టిని గుప్పిట్లో నొక్కి, ఉండ కట్టిందో లేదో చూసి, పదును ఉందో లేదో చెప్పేది వీళ్లే. పదును పోయాక పత్తి గింజ వేసినవాణ్ని ఏడాదంతా ఎగతాళి చేసేదీ వీళ్లే. సొంత ఒంటి తడి దగ్గరికొచ్చేసరికి మాత్రం చూడటమే పాపం. చదువుకున్న కోడళ్లకేమో ఫోన్‌లో యాప్ ఉంది, దానికి అందరి అండమూ నెలసరి మొదలైన 14వ రోజే. నెలసరి 35 రోజులకొచ్చే పిల్లకు అది 21వ రోజు ప్రాంతంలో విడుదల కావచ్చని ఎవరూ చెప్పరు.

మండలి పాలమూరు శాఖ ఇంకా ఘనమైనది. అక్కడ మొగుడు ముంబైలో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. దసరాకు నాలుగు రోజులు, కురుమూర్తి జాతరకు రెండు రోజులు వస్తాడు. నెలలో గర్భం నిలిచే వీలున్నవి ఆరు రోజులు. అవి అతని సెలవులోనే పడాలని ఎవరికి అర్జీ పెట్టాలి? గొడ్రాలనే మాట మాత్రం సెలవు లేకుండా ఆమె మీద పడుతూనే ఉంటుంది. శ్రీమంతానికి పిలవరు. పసిపిల్లను ఎత్తుకోబోతే చేతుల్లోంచి లాక్కుంటారు. సిగ్గులేదా మనకు? పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా లోపం ఉంటుంది. ఆమెకు స్కానింగులు, కషాయాలు, ముడుపులు, ఉపవాసాలు. అతనికి ఒకే ఒక్క వీర్యపరీక్ష, అరచేతిలో పట్టే చిన్న డబ్బా. అది చూపిస్తే "మా వంశంలో అట్లాంటివి లేవు" అంటాడు. డబ్బా ముట్టుకోడు. రెండో పెళ్లికి మాత్రం ఫొటోలు చూస్తున్నాడు.