నెల జీతానికి కార్డు సరే, పంట డబ్బుకి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వడ్డీని శాతాల్లో చెప్పేవాళ్ళు తక్కువ. నూటికి నెలకు ఎన్ని రూపాయలన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే తెలిసినవాళ్ళు మొహమాటానికి ఇచ్చిన అప్పు. రెండు రూపాయలు మామూలు. మూడంటే కాస్త ఆలోచిస్తారు. ఐదంటే "అంత అవసరం ఏమొచ్చింది?" అని ఇంట్లో నిలదీస్తారు. క్రెడిట్ కార్డును కూడా ఈ కొలతతోనే చూడాలి. బాకీ మిగిలిపోయిన కార్డు మీద చాలా బ్యాంకులు నెలకు 3.5 నుంచి 3.75 శాతం దాకా వడ్డీ వేస్తున్నాయి. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. 3.75 అనుకుంటే, పన్నుతో కలిపి నూటికి నెలకు నాలుగు రూపాయల నలభై పైసల పైనే పడుతుంది. ఊళ్ళో ఎవరైనా ఇదే రేటుకు ప్రోనోటు రాయమంటే లేచి వచ్చేస్తాం. నెల్లూరు ట్రంకు రోడ్డులో బట్టల షాపు కౌంటర్ దగ్గర మాత్రం ఆ లెక్క గుర్తుకు రాదు.

నిజానికి ఆ వడ్డీ అందరికీ పడదు. బిల్లు మొత్తం గడువులోగా కట్టేవాళ్ళకు కార్డు అంటే నలభై అయిదు, యాభై రోజుల చేబదులు. పైసా వడ్డీ లేదు. ఒక్క నెల పూర్తిగా కట్టకపోతే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది. గడువు తేదీ నుంచి కాదు, వస్తువు కొన్న రోజు నుంచి వడ్డీ మొదలవుతుంది. పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికీ మొదటి రోజు నుంచే వడ్డీ. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీస్తే అసలు గడువన్న మాటే లేదు, ఫీజు వేరు, ఆ రోజు నుంచే వడ్డీ వేరు.

కార్డు ఉండాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా క్రమశిక్షణ ఉన్నవాళ్ళు వాడుకోవచ్చు, లేనివాళ్ళు దూరంగా ఉండాలి అని తేల్చేస్తారు. నాకు ఆ మాట సగమే నిజం అనిపిస్తుంది. మన జిల్లాల్లో అసలు ప్రశ్న మనిషి బుద్ధి గురించి కాదు, డబ్బు చేతికి ఎప్పుడు వస్తుందన్న దాని గురించి.

కార్డు బిల్లు నెలకోసారి వస్తుంది. ఒకటో తారీఖున జీతం పడే టీచరుకో, బ్యాంకు ఉద్యోగికో, కృష్ణపట్నం పోర్టులో నెల జీతం మీద పనిచేసే ఇంజినీరుకో అది చక్కగా సరిపోతుంది. జీతం పడ్డాక నాలుగైదు రోజులకు గడువు తేదీ పెట్టించుకుని, పూర్తి మొత్తం ఖాతాలోంచి దానంతట అదే పోయేలా చేసుకుంటే చాలు. 2024లో వచ్చిన సవరణతో బిల్లు తేదీ మార్చుకునే వీలును రిజర్వ్ బ్యాంకు ఇంకా సులువు చేసింది కూడా. ఇలాంటివాళ్ళకు కార్డు లాభమే. అయితే ఆ లాభం ఎంతో కూడా చూడాలి. నెలకు 20 వేలు కార్డు మీద ఖర్చుపెట్టి, అందులో ఒక శాతం రివార్డుగా వెనక్కి వస్తే ఏడాదికి 2,400 రూపాయలు. 50 వేల బాకీ ఒక్క నెల నిలిచిపోతే వడ్డీ, పన్ను కలిపి సుమారు 2,200 అవుతుంది. ఆలస్య రుసుము దానికి అదనం. పన్నెండు నెలల రివార్డు ఒక్క నెల పొరపాటుకు సమాధానం చెప్పలేదు.

ఇక రెండో రకం ఆదాయం. ఈ రెండు జిల్లాల్లో ఎక్కువ ఇళ్ళు నడిచేది దీనిమీదే. కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు రైతు అక్టోబరు, నవంబరుల్లో నాటుతాడు. కౌలు, నారు, ఎరువు, ఆకు కోసే కూలీలు, ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెలు, అన్నిటికీ ముందే పెట్టుబడి పెట్టాలి. వేలం మార్చి ప్రాంతంలో మొదలై నెలల తరబడి సాగుతుంది. బేళ్ళు వేలం ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళినంత మాత్రాన డబ్బు రాదు. ఎవరూ పాడక నోబిడ్ అయి వెనక్కి వచ్చిన బేలు ఇంకో రోజు ఎదురుచూడాలి. 2025లో నల్ల బర్లీ పొగాకు కొనేవాళ్ళు లేక రాష్ట్ర ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను రంగంలోకి దించాల్సి వచ్చింది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో పంట మూడు నాలుగు నెలలది. మేత డీలరు దగ్గర అప్పు, పట్టుబడి అయ్యాక లెక్క. వ్యాధి రాకపోతే, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న కౌంట్ బాగుంటే సరే. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఇక్కడి గుంట గట్టున ఉన్న రైతుకు చేయగలిగింది ఏమీ లేదు. వరి రైతుకూ అంతే, పుట్టి ధాన్యానికి ఎంత పలుకుతుందో కోతలయ్యాకే తెలుస్తుంది.

ఈ మనిషి ఎంత క్రమశిక్షణ కలవాడైనా కానీ, ముప్పై రోజులకోసారి వచ్చే బిల్లుకు ఆర్నెల్లకోసారి వచ్చే డబ్బుతో సమాధానం చెప్పలేడు. పైగా మంచి పంట వచ్చిన ఏడాది బ్యాంకు ఖాతాలో పెద్ద మొత్తం కనపడగానే "మీకు ప్రీ అప్రూవ్డ్ కార్డు వచ్చింది సార్" అని ఫోన్ మొదలవుతుంది. ఖాతా నిండుగా ఉన్న రోజే అమ్ముతారు, ఖాళీ అయిన రోజుల్లోనే బిల్లు వస్తుంది. రైతుకు పంట రుణం ఇవ్వడానికి 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డును చూడండి. పేరులో క్రెడిట్ కార్డే ఉంది కానీ తీరు వేరు. పంట కాలాన్ని చూసి గడువు పెడతారు, 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, సకాలంలో కడితే 4 శాతమే. మన భాషలో చెప్పాలంటే ముప్పావలా కూడా కాని వడ్డీ. కౌలు రైతుకు దాన్ని దొరకనివ్వకపోవడం వేరే అన్యాయం. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చినా, ఆ చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డు మీద భూమి యజమాని సంతకం కావాలన్న చోటే చాలామంది ఆగిపోతున్నారు. వాళ్ళు రెండు, మూడు రూపాయల వడ్డీకి పోతున్నారంటే తెలివి తక్కువై కాదు.

బిల్లు మొత్తం కట్టలేనివాడికి బ్యాంకు చూపించే దారి మినిమం డ్యూ. బాకీలో 5 శాతం కట్టమంటుంది అనుకుందాం. 50 వేల బాకీకి 2,500. అందులో 2,200 పైచిలుకు వడ్డీకి, పన్నుకు పోతే అసలులో తగ్గేది మూడొందల లోపే. అలా ఏళ్ళు పడుతుంది. ఇది తెలిసినవాళ్ళు ఇంకో దారి పట్టారు. కార్డు గీకి నగదు ఇచ్చే షాపులు మన పట్టణాల్లోనూ ఉన్నాయి. ఒక కార్డు బిల్లు వాళ్ళే కట్టి, లిమిట్ తెరుచుకోగానే అంతకు అంత గీకేసుకుంటారు. నూటికి రెండు, రెండున్నర రూపాయలు కమీషన్. రొటేషన్ అంటారు దీన్ని. చేసేవాళ్ళ లెక్క తప్పు కాదు, నాలుగు రూపాయల నలభై పైసల కంటే రెండు రూపాయలు తక్కువే కదా. కానీ అసలు ఒక్క రూపాయి తగ్గదు, సరుకు కొనకుండా కొన్నట్టు చూపించడం కార్డు నిబంధనలకు విరుద్ధం కూడా. బ్యాంకు ఒక రోజు చెప్పాపెట్టకుండా లిమిట్ తగ్గిస్తే ఆట అక్కడే ఆగిపోతుంది, లక్షల బాకీ ఒకేసారి మీద పడుతుంది. 2023 నవంబరులో రిజర్వ్ బ్యాంకు కార్డు బాకీల మీద బ్యాంకులు పక్కన పెట్టాల్సిన మూలధనాన్ని పెంచింది. అంటే ఇలాంటి అప్పు బ్యాంకులకు కూడా ప్రమాదమేనని ఒప్పుకున్నట్టే.

వడ్డీకి హద్దు ఉంటుందేమో అనుకునేవాళ్ళకు ఒక మాట. ఏడాదికి 30 శాతం మించి తీసుకోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తేల్చింది. ఆ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. వడ్డీ రేట్లు చూసుకోవాల్సింది రిజర్వ్ బ్యాంకు, కమిషన్ కాదన్నది కోర్టు మాట. రిజర్వ్ బ్యాంకేమో మరీ ఎక్కువ తీసుకోకండి అంటుంది తప్ప అంకె చెప్పదు. ఆ రెంటి మధ్య నెలకు 3.75, అంటే ఏడాదికి 45 శాతం హాయిగా నడుస్తోంది.

అయినా వడ్డీ వ్యాపారే నయం అని నేను అనను. ఊళ్ళో అప్పుకు ఒక మంచి, ఒక చెడు ఉన్నాయి. ఇచ్చేవాడు ఎందుకని అడుగుతాడు, కొన్నిసార్లు "వద్దులే అబ్బాయ్" అని వెనక్కి పంపుతాడు కూడా. సాక్షి సంతకం ఉంటుంది కాబట్టి నాలుగిళ్ళకు తెలుస్తుంది. ఆ తెలియడమే ఒక కట్టడి. కానీ అదే మనిషి గడప దగ్గర నిలబడి అడగడంలో, మూడేళ్ళకోసారి నోటు తిరగరాయించుకోవడంలో, పొలం మీద ఆయన కన్ను పడటంలో ఉన్న అవమానం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. కార్డు ఎవరి గడపా తొక్కించదు, కులం అడగదు, కారణం అడగదు. చిన్న ఉద్యోగం చేసే ఒంటరి ఆడమనిషికి ఇది చిన్న విషయం కాదు. కారణం అడగకపోవడమే దాని ప్రమాదం కూడా. భార్యకు తెలియకుండా భర్త, తండ్రికి తెలియకుండా కొడుకు నాలుగు కార్డుల మీద అప్పు చేయగలుగుతున్నారు. రికవరీ వాళ్ళు ఫోన్ చేసిన రోజే ఇంట్లో తెలుస్తుంది. ఆ ఫోన్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదన్న నిబంధన 2022 నుంచి ఉంది. ఆ సంగతి అప్పుపడ్డవాళ్ళలో ఎందరికి తెలుసు?

అసలు కార్డు లేకుండా బతకలేమా? ఇక్కడైతే దివ్యంగా బతకొచ్చు. మన తెలుగు నేల మీద పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది కానీ, మన అలవాట్లను మార్చింది అది కాదు, యూపీఐ. నెల్లూరు చిన్నబజారులో ఆకుకూరల దగ్గర నుంచి ఆచారి వీధిలో బంగారం దాకా ఫోన్‌తోనే నడుస్తోంది. కార్డు ఇస్తే రెండు శాతం అదనంగా అడిగే షాపులూ ఉన్నాయి. అమెరికాలో ఉన్న పిల్లలు "కార్డు లేకపోతే స్కోరు రాదు, అద్దె ఇల్లు కూడా ఇవ్వరు" అని అమ్మానాన్నలకు చెబుతుంటారు. అక్కడి సంగతి అది. ఇక్కడ బంగారం మీద తీసుకున్న అప్పైనా, పంట రుణమైనా, ఫ్రిజ్ కోసం పెట్టుకున్న ఈఎంఐ అయినా అప్పుల చరిత్ర రాసి స్కోరు ఇచ్చే సిబిల్‌లో నమోదవుతుంది. మొదటిసారి అప్పు అడిగేవాళ్ళను పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో వెనక్కి పంపకూడదని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది కూడా. స్కోరు కోసమే కార్డు తీసుకోవడం నా దృష్టిలో అనవసరం. అంతగా కావాలంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఉంది, లిమిట్ ఆ డిపాజిట్‌ను దాటదు.

అప్పు క్రమశిక్షణ విషయంలో మనం ఎవరి దగ్గరా పాఠం నేర్చుకోనక్కర్లేదు. సారా వ్యతిరేక ఉద్యమం లేచిన నెల్లూరు జిల్లాలోనే ఆ వెనువెంటనే పొదుపులక్ష్మి పేరుతో ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. ఇవాళ డ్వాక్రా సంఘంలో ఉన్న మహిళకు కార్డు లేకపోయినా రూపాయి లోపు వడ్డీకి అప్పు పుడుతోంది.

కార్డు లేకపోవడం నిజంగా బాధించేది ఒక్క చోట. అర్ధరాత్రి గుండెనొప్పితో మనిషిని చెన్నైకి తీసుకెళ్ళాల్సి వస్తే అడ్వాన్సు కట్టమంటారు. బంగారం లాకర్‌లోనో బీరువాలోనో ఉంటుంది, తాకట్టు పెట్టుకునే ఆఫీసు తెరిచేది పొద్దున పదింటికి. బంధువుల్ని అడుగుదామంటే ఆ వేళకు ఫోన్ ఎత్తాలి కదా. ఇలాంటప్పుడు లక్ష లిమిట్ ఉన్న కార్డు ప్రాణం నిలబెడుతుంది. అయితే అది వారధి మాత్రమే. గడువు ముగిసేలోపు ముప్పావలా, రూపాయి వడ్డీకి బ్యాంకులో బంగారం పెట్టి కార్డు బాకీ తీర్చేయాలి. అందుకే పంట ఆదాయం ఉన్న ఇంట్లో కూడా ఇలాంటి కార్డు ఒకటి ఉంటే తప్పులేదు, వాడేది ఆస్పత్రికి మాత్రమే అయితే. మోసం జరిగినప్పుడు కూడా కార్డుకు కాస్త మేలు ఉంది. పోయేది ముందుగా బ్యాంకు సొమ్ము. మన తప్పు లేకుండా జరిగి, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మన మీద భారం పడదని 2017 నాటి నిబంధన. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మన నెత్తినే.

రెండు మూడు కార్డులున్న రైతు ఇళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఈసారి పంట డబ్బు రాగానే ముందు కార్డుల బాకీ తీర్చి, ఒకటి ఉంచుకుని మిగతావి మూయించండి. కట్టాల్సింది కట్టేశాక కార్డు మూయమని అడిగితే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున మీకే ఇవ్వాలి. "ఆఫర్ ఇస్తాం సార్, ఉంచుకోండి" అని బతిమాలితే ఈ నిబంధన గుర్తుచేయండి.

బ్యాంకుల్ని అడగాల్సిందీ ఒకటుంది. మినిమం డ్యూ మాత్రమే కడుతూ పోతే బాకీ ఏళ్ళ తరబడి సాగుతుందన్న హెచ్చరిక ప్రతి బిల్లులోనూ ఉంటుంది, ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో. ఒంగోలులోనో కావలిలోనో కార్డు అమ్మేటప్పుడు తెలుగులో అంత ముద్దుగా మాట్లాడే బ్యాంకు, బిల్లు మీద కూడా పెద్ద అక్షరాలతో తెలుగులోనే అచ్చువేయాలి. శాతాల్లో కాదు, పన్నుతో కలిపి నూటికి నెలకు ఎన్ని రూపాయల ఎన్ని పైసలో వేయాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, రిజర్వ్ బ్యాంకు నుంచి ఒక్క సర్క్యులర్ చాలు.