గాలిపటానికి ముందు వడ్డాణం

(విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ, రెండో అంతస్తు. కార్తీకమాసపు సాయంత్రం. సత్యమూర్తి బ్యాంకు మేనేజరు, వయసు 52. అతని భార్య సుభద్ర డిగ్రీ కళాశాలలో గణితం బోధిస్తుంది. గడచిన జూలైలో దంపతులిద్దరూ రామేశ్వరం వెళ్లి, గుడిలోని 22 తీర్థాల నీళ్లు నెత్తిన పోయించుకున్నారు. ఆ పుణ్యం చాలదన్నట్టు సత్యమూర్తి అక్కడే సముద్రంలో 3 రోజులు కైట్‌సర్ఫింగ్ పాఠాలు, అంటే పెద్ద గాలిపటం లాగుతూ ఉంటే బోర్డు మీద నిలబడి నీళ్ల మీద జారే ఆట పాఠాలు, కూడా చెప్పించుకున్నాడు. సుభద్ర ఒడ్డున గొడుగు కింద కూర్చుని ఆ పాఠాలన్నీ విన్నది. నీళ్లలో మునిగినవాడికన్నా ఒడ్డున విన్నవారికే ఎక్కువ తెలుస్తుందని ఈ రచయిత వాదించడు గానీ, ఆ ఇంట్లో మాత్రం అదే చట్టం.)

సత్యమూర్తి: సుభద్రా, ఆ పరీక్ష పేపర్లు కాసేపు పక్కన పెట్టి ఇలా వచ్చి కూర్చో. జనవరిలో మళ్లీ రామేశ్వరం వెళ్లేసరికి నా సొంత సామగ్రి నా చేతిలో ఉండాలని నిశ్చయించుకున్నాను. జాబితా చదువుతాను, విను. కైట్ ఒకటి, దాన్ని నడిపే బార్ ఒకటి, బోర్డు ఒకటి, పంపు ఒకటి, నడుముకు కట్టుకునే హార్నెస్ ఒకటి, వెట్‌సూట్ ఒకటి.

సుభద్ర: ఆరు వస్తువులు చదివారు, అందులో హెల్మెట్ లేదు. తలలో కాపాడుకోదగినది ఏమీ లేదని మీ అంతట మీరే ఒప్పుకుంటూ ఉంటే, కాదనడం నాకు మర్యాద కాదు.

సత్యమూర్తి: హెల్మెట్ సంగతి తర్వాత చూద్దాం. అసలైనది కైట్. నాకు 12 చదరపు మీటర్ల కైట్ కావాలి.

సుభద్ర: నా చీర అయిదున్నర మీటర్ల పొడవు, మీటరు కన్నా కాస్త ఎక్కువ వెడల్పు ఉంటుంది. అంటే 6 చదరపు మీటర్ల పైచిలుకు. రెండు చీరలంత గుడ్డను గాలిలోకి లేపి, దానికి మిమ్మల్ని కట్టి, సముద్రంలో వదిలిపెట్టాలన్నమాట. ఇంతకీ ఆ 12 అనే అంకె మీకు ఏ లెక్కన వచ్చింది?

సత్యమూర్తి: లెక్క లేకుండా నేను మాట్లాడతానా? మన బరువును కిలోల్లో తీసుకుని, 2.2తో హెచ్చించి, గాలి వేగాన్ని నాట్లలో వేసి భాగిస్తే, ఎన్ని చదరపు మీటర్ల కైట్ కావాలో ఉజ్జాయింపుగా తేలుతుంది. నా బరువు 75 కిలోలు. గాలి 16 నాట్లు, అంటే గంటకు దాదాపు 30 కిలోమీటర్లు అనుకుందాం.

సుభద్ర: 75ను 2.2తో హెచ్చిస్తే 165. దాన్ని 16తో భాగిస్తే 10.3 వచ్చింది.

సత్యమూర్తి: దాన్ని నేను 12కు సర్దుబాటు చేశాను.

సుభద్ర: 10.3ను 12కు సర్దుబాటు చేసే బ్యాంకులో నేను ఇకమీదట రూపాయి దాచుకోను. మీ లెక్కను నేను వెనక నుంచి చేసి చూపిస్తాను. 12ను 16తో హెచ్చిస్తే 192, దాన్ని 2.2తో భాగిస్తే 87 చిల్లర. పోయిన నెల డాక్టరు గారు చీటీ మీద 86 కిలోలని రాశారు. అంటే కైట్ కొనేటప్పుడు 86, భార్యకు చెప్పేటప్పుడు 75 అన్నమాట.

సత్యమూర్తి: ఆ రోజు నా జేబులో తాళాలగుత్తి ఉంది.

సుభద్ర: పదకొండు కిలోల తాళాలగుత్తి ఉన్నవాడికి బ్యాంకు ఎందుకు, కోట అప్పగించాలి. పైగా అక్కడ ఎప్పుడూ 16 నాట్ల గాలే వీస్తుందని ఎవరైనా రాసిచ్చారా? గాలి వేగం రెట్టింపయితే లాగే బలం నాలుగు రెట్లవుతుంది. 12 నాట్ల గాలిలో మిమ్మల్ని బుజ్జగించి తీసుకువెళ్లే కైట్, 24 నాట్లలో మెడ పట్టుకుని ఈడ్చుకుపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రెండు మూడు కొలతల కైట్లు దగ్గర ఉంచుకుంటారని ఆ నేర్పే కుర్రాడు చెప్పినప్పుడు, మీరు చెవిలో నీళ్లు దులుపుకుంటూ ఉన్నారు.

సత్యమూర్తి: అయితే రెండు కైట్లు కొందామా?

సుభద్ర: ఒక్కటి కొనాలా వద్దా అన్నదే ఇంకా తేలలేదు.

సత్యమూర్తి: ఖర్చే నీ బాధ అయితే దానికీ ఉపాయం ఉంది. మా సహోద్యోగి బావమరిది ఒకాయన గోవాలో ఉంటాడు. ఆయన దగ్గర 2004 నాటి కైట్ ఉందట. 14 చదరపు మీటర్లు, బార్‌తో సహా, కొత్తదాని ధరలో పదో వంతుకు ఇస్తానంటున్నాడు. ఆ కైట్ వెనక ఎంత చరిత్ర ఉందో తెలుసా? గొట్టంలో గాలి నింపి నీటి మీద తేలేటట్టు చేసే ఈ కైట్‌కు, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి చెందిన లెగెన్యూ సోదరులు 1984లో పేటెంటు తీసుకున్నారు. అది అంగట్లోకి రావడానికి 1997 దాకా ఆగవలసి వచ్చింది. పదమూడేళ్లు ఓపిక పట్టారు, సుభద్రా!

సుభద్ర: వాళ్ల ఓపికకు నా నమస్కారం. నేను ముప్పయ్యేళ్లుగా వడ్డాణం కోసం ఓపిక పడుతున్నాను, నాకు పేటెంటు ఎవరూ ఇవ్వలేదు. ఆ సోదరుల్లో ఒకరే తర్వాత బో కైట్ రూపొందించారని, అవి 2005 ప్రాంతంలో అమ్మకానికి వచ్చాయని, వాటిలో బార్‌ను ముందుకు తోస్తే లాగుడు దాదాపు పూర్తిగా తగ్గిపోతుందని ఆ కుర్రాడే చెప్పాడు. అంతకు ముందువి ఒకసారి పట్టుకుంటే అంత సులువుగా వదలవు. అంటే గోవా బావమరిది మీకు సరిగ్గా ఆ మార్పు రాకముందు చివరి సరుకును ఎంచి మరీ అంటగడుతున్నాడు.

సత్యమూర్తి: పాతబడేకొద్దీ విలువ పెరిగే వస్తువులు కూడా ఉంటాయి. మీ అమ్మగారి కంచి పట్టుచీర లేదా?

సుభద్ర: మా అమ్మ చీర బీరువాలో ఉంది. ఆ కైట్ ఇరవై ఏళ్లుగా ఎండలో, ఉప్పునీళ్లలో, ఇసుకలో ఉంది. కైట్ గుడ్డకు ఎండే శత్రువు. కొత్త గుడ్డను చేత్తో నలిపితే గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నేత చీరలాగా గరగరమంటుంది, చచ్చిపోయిన గుడ్డ ఉతికి ఉతికి వదిలేసిన తువ్వాలులాగా మెత్తగా చేతిలో వాలిపోతుంది. పాతది కొనదలచుకుంటే, మూడు నాలుగేళ్లకు మించనిదాన్ని, మన ఎదురుగా గొట్టాలన్నిట్లోనూ గాలి నింపించి, రెండు మూడు గంటలు అలాగే వదిలేసి, గాలి దిగలేదని చూసుకున్నాక కొనాలి. బార్‌కు కట్టిన నాలుగు దారాలనూ ఒకే కొక్కేనికి తగిలించి లాగి చూడాలి. ఒక్కటి సాగి ఉన్నా కైట్ ఒక పక్కకే తిరుగుతుంది.

సత్యమూర్తి: ఇరవై నాలుగు మీటర్ల దారాలు లాగి చూడటానికి మన ఇంట్లో చోటెక్కడుంది?

సుభద్ర: మేడ మీద బట్టలు ఆరేసే తీగ 12 మీటర్లు. అంటే అక్కడా చాలదు. కొనకపోవడానికి ఇదొక కారణంగా రాసుకోండి.

సత్యమూర్తి: నీతో ఒక్కొక్క వస్తువే మాట్లాడాలి. బార్ మధ్యలో నుంచి కిందికి వేలాడే చికెన్ లూప్ ఉంటుంది చూడు...

సుభద్ర: కార్తీకమాసంలో, దీపం పెట్టే వేళ, ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తకండి.

సత్యమూర్తి: అది కోడి కాదు సుభద్రా! హార్నెస్ కొక్కేనికి తగిలించుకునే రబ్బరు గుండ్రం. దానికి ఆ పేరు నేను పెట్టలేదు.

సుభద్ర: పేరు ఎవరు పెట్టినా సరే, ఆపదలో ఒక్క తోపుతో దాన్ని విడిపించే క్విక్ రిలీజ్ సరిగ్గా పనిచేస్తుందా అన్నదే నాకు కావాలి. ఆ విడుదల ఏర్పాటుకు 2020లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రత్యేకంగా ఒక ప్రమాణాన్ని ప్రకటించింది, దాని సంఖ్య 21853. మీరు కొనే బార్ ఆ ప్రమాణానికి లోబడి తయారయిందో లేదో చూడండి. గోవా వారి 2004 నాటి బార్‌కు ఆ సంగతి కలలో కూడా తెలిసే అవకాశం లేదు. చీటీలో దాన్ని కొట్టేస్తున్నాను.

(కొట్టివేత శబ్దం వంటింటి దాకా వినిపించింది.)

సత్యమూర్తి: బోర్డు విషయంలో మాత్రం నేను రాజీపడను. ఈ బొమ్మ చూడు. 132 సెంటీమీటర్లు, నల్లటి నలుపు, మధ్యలో ఎర్రటి పులి.

సుభద్ర: పులి బాగానే ఉంది, దాని మీద నిలబడబోయేది 86 కిలోలు. చిన్న బోర్డు నీటిని తక్కువ ఒత్తుతుంది కాబట్టి మిమ్మల్ని పైకి లేపాలంటే ఎక్కువ వేగం, ఎక్కువ లాగుడు కావాలి. కొత్తవారికి, అందులోనూ నిండైన విగ్రహాలకు, 140 నుంచి 145 దాకా పొడవు, 42 దాకా వెడల్పు ఉన్న బోర్డు తక్కువ గాలికే పైకి లేస్తుంది, గాలికి ఎదురేగడం కూడా దాని మీదే తొందరగా పట్టుబడుతుంది. రామేశ్వరంలో మీరు మూడో రోజు ఒక్కసారి, ఆరు సెకన్లు నిలబడ్డారే, అది తలుపు చెక్కంత పెద్ద బోర్డు.

సత్యమూర్తి: ఎనిమిది సెకన్లు.

సుభద్ర: నా ఫోనులో వీడియో ఉంది. ఆరు.

సత్యమూర్తి: సరే, పెద్ద బోర్డే తీసుకుంటాను. కాకపోతే అది కొట్టుకుపోకుండా నా కాలికి ఒక తాడు కట్టుకుంటాను. జూలైలో బోర్డు వెనక ఈదలేక నా ప్రాణం పోయింది.

సుభద్ర: కట్టుకోండి. కైట్ మిమ్మల్ని ముందుకు లాగుతుంది, బోర్డు నీళ్లలో తగులుకుని ఆగుతుంది, తాడు సాగి సాగి ఒక్కసారి వదిలేసరికి మీ ఎర్ర పులి తిరిగి వచ్చి తల మీద దూకుతుంది. ఆ తలకేమో హెల్మెట్ లేదు. బోర్డు పోతే, ఒక చేత్తో కైట్ నడుపుతూ బోర్లా పడుకుని గాలికి ఎదురుగా జరుగుతూ వెళ్లి తెచ్చుకోవాలి. దానికోసమే రెండో రోజంతా మిమ్మల్ని బోర్డు లేకుండా నీళ్లలో ఈడ్పించారు.

సత్యమూర్తి: అది పాఠమా? నేను శిక్ష అనుకున్నాను.

(ఈ సమయంలో సుభద్ర కాఫీ తెచ్చింది. పంపు విషయం కాఫీ చల్లారేలోపే తేలిపోయింది. సైకిలు పంపు పనికిరాదని, కైట్‌కు తగిన పెద్ద పంపే కావాలని ఇద్దరూ ఒకే మాట మీద నిలిచారు. పెళ్లయిన తర్వాత ఇది మూడోసారి.)

సత్యమూర్తి: వెట్‌సూట్‌కు కూడా ఒప్పుకున్నట్టేనా? నాలుగు మిల్లీమీటర్ల మందంతో, మెడ నుంచి మడమ దాకా ఉంటుంది.

సుభద్ర: అది చలి సముద్రాల వాళ్లు వేసుకునేది. రామేశ్వరం నీళ్లలో మీరు దాన్ని తొడుక్కుంటే, పనసాకులో పోసి ఆవిరి మీద పెట్టిన పొట్టిక్కలాగా ఉడికి బయటికి వస్తారు. ఎండ తగలకుండా చేతుల దాకా ఉండే పలచటి లైక్రా చొక్కా ఒకటి చాలు.

సత్యమూర్తి: ఇంతకూ జనవరి దాకా ఆగడం దేనికి? మనకు ఇక్కడ సముద్రం లేదా? ఆదివారం తెల్లవారుజామునే ఆర్కే బీచ్‌లో జనం రాకముందు...

సుభద్ర: తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. అలాంటి గాలిలో దిగినవాడు వెళ్లడమే గానీ రావడం ఉండదు. అండమాన్ చూడాలని ఉంటే చెప్పండి, మన రేవు నుంచి ఓడకు టికెట్టు కొంటాను. పోనీ మధ్యాహ్నం గాలి ఒడ్డు మీదికి తిరిగాక దిగుతానంటే, ఆ కెరటాలు ఒడ్డునే నిటారుగా విరిగి పడతాయి, వెనక దీపస్తంభాలు, రోడ్డు, మొక్కజొన్న పొత్తుల బళ్లు. కైట్ మిమ్మల్ని ఎత్తి, ఒడ్డున ప్రదర్శనకు పెట్టిన కురుసుర జలాంతర్గామి మీద పడేస్తే దిగడానికి నిచ్చెన ఉంది గానీ, రోడ్డు దాటించి ఎదురుగా ప్రదర్శనకు ఉన్న విమానం మీద పడేస్తే నేను పిల్లలకు ఏమని చెప్పను? గాలి ఒడ్డు వెంట పక్కగా వీస్తూ, నడుము లోతు నీళ్లు దూరం దాకా ఉండి, చుట్టూ తీగలూ జనమూ లేని చోటే నేర్చుకునేవాడికి తగినది. రామేశ్వరం దగ్గర అలాంటి చోట్లు ఉన్నాయి, అందుకే అక్కడ బడి పెట్టారు.

సత్యమూర్తి: అంటే ఏదీ కొనవద్దంటావు. ఆ మాట మొదటే చెప్పి ఉంటే నేను ఇంత చదువు చదివేవాణ్ణి కాదు.

సుభద్ర: కొనవద్దని నేను అనలేదు, దేన్ని ముందు కొనాలన్నదే నా మాట. కైట్లూ బోర్డులూ బడిలోనే అద్దెకు దొరుకుతాయి. ఒక రోజు 9, ఒక రోజు 12 తీసుకుని నడిపి చూస్తే, మీ ఒంటికి, అక్కడి గాలికి ఏది సరిపోతుందో అనుభవం మీద తెలుస్తుంది. బయలుదేరిన చోటికే, ఇసుకలో నడిచి కాకుండా బోర్డు మీద తిరిగి రాగలిగిన రోజున కైట్ కొందాం. ఒకరి తలకు పట్టింది మరొకరి తలకు పట్టదు కాబట్టి ఇప్పుడు హెల్మెట్ కొనండి. ఒకరి నడుముకు సరిపోయింది మరొకరి నడుముకు సరిపోదు కాబట్టి హార్నెస్ కొనండి.

సత్యమూర్తి: (ముఖం వికసించి) హార్నెస్! నడుముకు కట్టుకునేదే తీసుకుంటాను. తొడల చుట్టూ పట్టీలు వేసి కూర్చోబెట్టేది నాకు వద్దు. అది వేసుకుంటే గోచీ పెట్టుకున్న పసిపిల్లవాడిలా కనిపిస్తాను.

సుభద్ర: జూలైలో నడుముది కట్టుకుంటే ఏమయిందో మరిచిపోయారా? బొజ్జ మీద నిలవక పైకి జారి జారి చంకల్లో చేరింది. మీరు రెండు చేతులూ పైకెత్తి ఉంటే లొంగిపోతున్నారని చుట్టుపక్కల జాలర్లు అనుకున్నారు. పొట్ట ఉన్నవారికి, కైట్‌ను ఎక్కువసేపు నడినెత్తిన నిలిపి ఉంచే కొత్తవారికి, తొడల పట్టీలున్నదే కదలకుండా నిలుస్తుంది.

సత్యమూర్తి: నాకున్నది పొట్ట కాదు, ఛాతీ కాస్త కిందికి దిగింది, అంతే. కొలిచి చూడు, నడుముదే సరిపోతుంది.

(సుభద్ర కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెచ్చింది. సత్యమూర్తి నిటారుగా నిలబడి, కళ్లు మూసుకుని, ఊపిరి లోపలికి లాగాడు. టేపు బొడ్డు మీదుగా చుట్టూ తిరిగి వచ్చింది.)

సుభద్ర: 38 అంగుళాలు.

సత్యమూర్తి: (పెదవులు కదపకుండా) రాసుకో.

సుభద్ర: రాసుకుంటాను. సముద్రంలో ఉన్నంతసేపూ మీరు ఊపిరి పీల్చరు కదా?

(ఒక నిమిషం గడిచింది. వీధిలో ఒక ఆటో వెళ్లిపోయింది. సత్యమూర్తి ముఖం ఎర్రబడి, నీలబడి, చివరికి ఊపిరి వదిలాడు.)

సుభద్ర: 42. తొడల పట్టీలున్నది, పెద్ద కొలత.

(ఆమె చీటీ మీద 42 అని రాసి, టేపును తన నడుముకు చుట్టుకుని, ఆ అంకె కింద మరొక అంకె రాసింది.)

సత్యమూర్తి: అది దేనికి? నువ్వు కూడా కైట్ నేర్చుకుంటావా ఏమిటి?

సుభద్ర: ఎలాగూ ఈ ఇంటికి నడుముపట్టీలు కొంటున్నాం కదా. మీది దుకాణంలో సిద్ధంగా దొరుకుతుంది. నాది కంసాలి చేయాలి, ఆయనకు నెల రోజులు వ్యవధి కావాలి.